మేరీ ఆంటోనెట్‌కు పట్టు కంటే నూలే ఎక్కువ చేటు చేసింది

అడిగిన ప్రశ్న ఇది: "ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ బట్టలకూ నగలకూ విచ్చలవిడిగా డబ్బు తగలేసింది కాబట్టే జనం ఆమెను అసహ్యించుకున్నారని స్కూల్లో చదువుకున్నాం. ఒక రాణి కట్టుకున్న బట్టకు రాజకీయాలను మార్చేంత బలం నిజంగా ఉంటుందా? లేక ఇదంతా తర్వాత అల్లిన కథా?"

నేను 30 ఏళ్ళు డిజైన్ విద్యార్థులకు వస్త్ర చరిత్ర చెప్పాను. పుట్టింది పెడనలో, అద్దకం పని చేసే ఇంట్లో. అందుకని ఏ రాణి బొమ్మ చూసినా నా కళ్ళు ముందు బట్ట మీదికే పోతాయి. అది పట్టా నూలా, ఎక్కడ నేశారు, దానివల్ల ఎవరి మగ్గానికి పని దొరికింది, ఎవరి మగ్గం ఆగిపోయింది అని చూస్తాను. మీ ప్రశ్నకూ అటు నుంచే జవాబు చెబుతాను.

బట్టకు ఆ బలం ఉంటుంది. అయితే మేరీ ఆంటోనెట్ విషయంలో అది మనం స్కూల్లో చదువుకున్న పద్ధతిలో పనిచేయలేదు. జనానికి కోపం తెప్పించినవి ఖరీదైన గౌన్లే, కాదనను. కానీ రాణి అంటే ఉండే భయభక్తుల్ని పోగొట్టింది మాత్రం చూడటానికి సాదాగా ఉన్న ఒక తెల్లటి నూలు గౌను. అదెలాగో చెప్పాలంటే కథ మొదటికి వెళ్ళాలి.

1770 మే 7న, రైన్ నదిలో ఒక దీవి మీద వేసిన చెక్క మంటపంలో ఆస్ట్రియా వాళ్ళు ఆమెను ఫ్రాన్స్ వాళ్ళకు అప్పగించారు. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు. తర్వాత ఆమె దగ్గర చాలాకాలం పనిచేసిన మదాం కంపాన్ తన జ్ఞాపకాల్లో రాసిన ప్రకారం, ఒంటి మీది లోపలి చొక్కా, మేజోళ్ళతో సహా పుట్టింటి బట్టలన్నీ అక్కడే విడిపించి, ఫ్రాన్స్‌లో కుట్టిన బట్టలు తొడిగారు. అంత పూర్తిగా జరిగిందా అని చరిత్రకారుల్లో వాదం ఉంది. అయినా ఆచారం ఉద్దేశం మాత్రం తేటతెల్లం. పీటల మీద అత్తింటివారు పెట్టిన చీర కట్టుకునే పెళ్ళికూతుళ్ళను చూసినవాళ్ళం కాబట్టి మనకు అది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి ఆమె ఒళ్ళు ఆమెది కాదు, ఫ్రాన్స్ రాచకుటుంబానిది.

వెర్సాయ్ కోటలో ఈ సంగతి రోజూ పొద్దున్నే గుర్తుచేసేవాళ్ళు. బట్టలు తొడగడం అక్కడ ఒక దర్బారు. లోపలి చొక్కా అందించే హక్కు ఆ గదిలో ఉన్నవాళ్ళలో అందరికంటే పై హోదా ఉన్న స్త్రీది. ఒక చలికాలం పొద్దున జరిగింది కంపాన్ రాశారు. ఆమె చొక్కా అందించబోతుండగా ఇంకో పెద్ద హోదా ఆవిడ వచ్చింది. ఆమె చేతిలోకి వెళ్ళగానే ఓర్లియన్స్ డచెస్ వచ్చింది. అంతలో రాణికి తోడికోడలు, ప్రోవాన్స్ కౌంటెస్, తలుపు తీసుకుని వచ్చింది. చొక్కా చేతులు మారుతూనే ఉంది. రాణి మాత్రం ఒంటి మీద బట్ట లేకుండా, చేతులు ముడుచుకుని చలికి వణుకుతూ నిలబడింది. ఇదేం గోల అని గొణుక్కుందట. ఆమె తర్వాత తెల్ల నూలు గౌను వైపు ఎందుకు పరుగెత్తిందో నాకు ఈ ఒక్క సంఘటనతోనే అర్థమైంది.

పెళ్ళైన కొన్ని నెలలకే మొదటి గొడవ వచ్చింది. రాజకుటుంబపు ఆడవాళ్ళు వేసుకోవాల్సిన మరీ బిగుతైన కార్సెట్‌ను ఆమె మానేసింది. తిమింగలం నోట్లోని పలకల్ని బద్దలుగా కోసి, లోపల వరసగా పెట్టి కుట్టే కార్సెట్ అది. వేసుకుంటే ఊపిరి ఆడటమే కష్టం. 14 ఏళ్ళ పిల్ల వద్దనడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆస్ట్రియా రాయబారి మెర్సీ దాన్ని వియన్నాకు నివేదిక రాసి పంపాడు. తల్లి మరియా థెరీసా మహారాణి, ఒక సామ్రాజ్యాన్ని ఏలుతున్న మనిషి, కూతురి నడుము గురించి ఆందోళనతో ఉత్తరాలు రాసింది. పెద్ద కారణమే ఉంది. ఫ్రాన్స్, ఆస్ట్రియా 1756 దాకా తరతరాల శత్రువులు. ఆ పొత్తు నిలవాలంటే ఈ పిల్ల అక్కడ కుదురుకోవాలి, బిడ్డను కనాలి. వెర్సాయ్‌లో ఆస్ట్రియా పొత్తు గిట్టనివాళ్ళు చాలామందే ఉన్నారు. కార్సెట్ లేని నడుము చూసి "ఈమెకు మన మర్యాద తెలియదు" అనడం వాళ్ళకు చాలా తేలిక. చివరికి ఆమె మళ్ళీ తొడుక్కుంది.

పిల్లలు పుట్టలేదు. మొదటి కూతురు పుట్టింది 1778 డిసెంబర్ 19న, అంటే పెళ్ళైన ఎనిమిదిన్నరేళ్ళకు. అన్నేళ్ళపాటు వెర్సాయ్‌లో ఆమె స్థానం నీటి మీద బుడగ. లోపం భర్త వైపు ఉన్నా మాటలు పడాల్సింది ఆమే. వారసుడిని ఇవ్వని రాణికి దర్బారులో వేరే బలం ఏదీ లేదు. ఆ ఖాళీని ఆమె బట్టలతో నింపుకుంది. దీన్ని కేవలం సోకు అనుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. పదహారు, పదిహేడేళ్ళ వయసులో మగవాళ్ళలాగా గుర్రానికి రెండు వైపులా కాళ్ళు వేసి స్వారీ చేసింది. 1783లో బ్రూన్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలో ఆమె బ్రీచెస్ (మగవాళ్ళు వేసుకునే మోకాలి దాకా ఉండే పంట్లాం) తొడుక్కుని, లేచిన గుర్రం మీద కూర్చుని ఉంది. ఫ్రాన్స్‌లో రాజుల్ని చూపించే పద్ధతి అది. మన పక్కన కాకతీయుల ఇంట రుద్రమదేవి రుద్రదేవ మహారాజు అన్న మగపేరుతో శాసనాలు వేయించింది కదా. అయితే రుద్రమకు సింహాసనం ఉంది, సైన్యం ఉంది, ఆమె చేతిలో పాలన ఉంది. ఈమెకు వేషం తప్ప వెనక ఏమీ లేదు. ఆ తేడా చివరిదాకా ఆమెను వెంటాడింది.

1774 మే 10న ముసలి రాజు 15వ లూయీ మశూచితో చనిపోయాడు. 18 ఏళ్ళకే ఆమె రాణి అయింది. ఆ ఏడాదే రోజ్ బెర్టిన్ అనే పారిస్ వ్యాపారి రాణి గదిలోకి అడుగుపెట్టింది. సాంత్ ఒనొరే వీధిలో ఆమె దుకాణం పేరు 'గ్రాండ్ మొఘల్'. మన దేశపు పాదుషా పేరు పెడితే సరుకు గొప్పగా కనిపిస్తుందన్నమాట. బెర్టిన్ వారానికి రెండుసార్లు వెర్సాయ్‌కి వచ్చి రాణితో గంటలకొద్దీ మాట్లాడేది. జనం ఆమెను 'ఫ్యాషన్ మంత్రి' అనడం మొదలుపెట్టారు. మామూలు ఇంట్లో పుట్టిన ఒక ఆడమనిషి, దొరసానులు వరండాలో నిలబడి ఉండగా నేరుగా రాణి గదిలోకి వెళ్ళేది. దర్బారు మర్యాద తెలిసినవాళ్ళకు అది చెంపదెబ్బలా తగిలింది.

జుట్టు కట్టుల్ని అందరూ పిచ్చి అంటారు. నేను అలా అనను. వాటిని ఆ కాలపు పోస్టర్లలాగా చూడాలి. తాత మశూచితో చనిపోయిన నెల తర్వాత, 1774 జూన్‌లో, కొత్త రాజు 16వ లూయీ, అతని తమ్ముళ్ళు మశూచి రాకుండా అంటు (టీకాకు ముందున్న పద్ధతి) వేయించుకున్నారు. ఫ్రాన్స్‌లో అప్పటికి చాలామందికి దానిమీద నమ్మకం లేదు. ఆస్ట్రియా రాజకుటుంబానికి అది అలవాటే. అంటు క్షేమంగా ముగిశాక రాణి తల మీద ఒక కట్టు వెలిసింది. అందులో ఉదయించే సూర్యుడు, కాయలతో ఆలివ్ చెట్టు, చెట్టుకు చుట్టుకున్న వైద్యదేవుడి పాము, పక్కనే రోగాన్ని చంపే గద. నిలబడి చదవక్కర్లేని ప్రకటన అది. కొద్ది రోజుల్లో పారిస్ ఆడవాళ్ళు దాన్ని తల మీద మోశారు. అంటును ఫ్యాషన్ చేయడం చిన్న పని కాదు. 1778లో ఇంగ్లండ్ ఓడతో పోరాడిన 'బెల్ పూల్' యుద్ధనౌకను కూడా తల మీద నిలబెట్టుకున్నారు ఆ ఊరి ఆడవాళ్ళు.

అయితే ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరిగిపోయింది. ఫ్రాన్స్‌లో అంతకుముందు రాణులు ఫ్యాషన్లు నడిపేవాళ్ళు కాదు. ఆ పని రాజుగారి ఉంపుడుగత్తెలది, పోంపడూర్, ద్యు బారీ లాంటివాళ్ళది. రాణి వెనక గదిలో ప్రార్థనలు చేసుకుంటూ, బిడ్డల్ని కంటూ, ఎవరి నోటా పడకుండా ఉండేది. ఖర్చుల మీద జనం తిట్లన్నీ ఉంపుడుగత్తె ఖాతాలో పడేవి. 16వ లూయీకి అలాంటి స్త్రీ ఎవరూ లేరు. భర్తగా అది మంచి గుణం. కానీ ఉంపుడుగత్తె వెలుగుల్ని భార్య తీసుకునేసరికి, ఆమె తిట్లూ భార్యకే వచ్చాయి. తర్వాత ఆమె మీద వెల్లువెత్తిన బూతు కరపత్రాలన్నీ పాత ఉంపుడుగత్తెల మీద రాసిన వాటి అచ్చులోనే పోసినట్టుంటాయి.

తల్లికి ఈ ప్రమాదం ముందే అర్థమైంది. 1775 మార్చి 5న రాసిన ఉత్తరంలో, తలకట్టు 36 అంగుళాల ఎత్తు ఉందట, పైన ఈకలు, రిబ్బన్లు వేరే అట, ఇది నిజమేనా అని మందలించింది. అందమైన చిన్నవయసు రాణికి ఈ వెర్రి అవసరం లేదని చెప్పింది. ఆ ఏప్రిల్, మే నెలల్లోనే రొట్టె ధర పెరిగి పారిస్ చుట్టుపక్కల అల్లర్లు చెలరేగాయి. దాన్ని 'పిండి యుద్ధం' అంటారు. జుట్టుకు చల్లుకునే తెల్లపొడి కూడా పిండి సరుకుతో చేసేదే. ఆకలితో ఉన్నవాడికి రాణి తల మీద తన రొట్టె కనబడిందంటే తప్పు పట్టలేం.

ఇక డబ్బు లెక్క. రాణి బట్టలకు ఏడాదికి కేటాయింపు 1,20,000 లివ్రాలు (అప్పటి ఫ్రాన్స్ డబ్బు). 1785లో అయిన ఖర్చు సుమారు 2,58,000 లివ్రాలు, అంటే రెట్టింపు దాటింది. ఇది సమర్థించుకోదగ్గ ఖర్చు కాదు. కానీ రాజ్యాన్ని ముంచింది ఇది కాదు. 1788 లెక్కల్లో రాజకుటుంబం, దర్బారు ఖర్చు మొత్తం కలిపితే ప్రభుత్వ ఖర్చులో సుమారు 6 శాతం. దాదాపు సగం అప్పులకూ వడ్డీలకూ పోయింది. ఆ అప్పుల్లో చాలాభాగం యుద్ధాలవి, అమెరికాకు చేసిన సాయంతో సహా. వడ్డీని ఎవరూ కళ్ళతో చూడలేరు. తలపై ఈకల్ని ఊరంతా చూస్తుంది. తిట్టుకు ఒక మొహం కావాలి కాబట్టి ఆమె మొహం దొరికింది.

ఆమె 1782 నాటి బట్టల పుస్తకం ఒకటి ఫ్రాన్స్ జాతీయ పురాలేఖశాలలో ఇప్పటికీ ఉంది. ప్రతి గౌను గుడ్డ నుంచి ఒక చిన్న ముక్క కత్తిరించి అంటించారు. పొద్దున్నే ఆ పుస్తకం తెస్తే, ఆ రోజు కావాల్సిన వాటికి రాణి గుండుసూది గుచ్చేదని కంపాన్ రాశారు. మా ఇంట్లో నాన్న అచ్చు నమూనాల్ని ఇలాగే పాత జమాఖర్చుల పుస్తకంలో అంటించి పెట్టుకునేవారు. అందుకే ఆ పుస్తకం సంగతి తెలిసినప్పుడు నాకు రాణి కంటే ముందు ఆ ముక్కలు కత్తిరించిన చెయ్యి గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి, నూలు గౌను.

పిల్లలు పుట్టాక ఆమె దర్బారు నుంచి దూరం జరిగింది. భర్త ఇచ్చిన పెటీ ట్రియానాన్ అనే చిన్న భవనంలో ఎక్కువగా గడిపేది. అక్కడ ఆమె వేసుకున్నది తెల్లటి మస్లిన్, అంటే పలచటి నూలు బట్ట, గౌను. లోపల గట్టి బద్దలు లేవు, పక్కలకు ఉబ్బే చట్రం లేదు. తల మీంచి వేసుకుని నడుముకు ఒక పట్టీ కట్టుకోవడమే. నెత్తిన గడ్డి టోపీ. ఫ్రాన్స్ వలస దీవుల్లో వేడికి ఆడవాళ్ళు వేసుకునే బట్ట నుంచి ఆ తీరు వచ్చింది. సన్న మస్లిన్ అప్పట్లో ఎక్కువగా మన దేశం నుంచే పోయేది, ముఖ్యంగా బెంగాల్ నుంచి.

1783లో ఎలిజబెత్ విజే లె బ్రన్ అనే చిత్రకారిణి రాణిని అదే గౌనులో చిత్రించి పారిస్‌లో జరిగే పెద్ద ప్రదర్శనలో పెట్టింది. రాణి చేతిలో గులాబీ, మెడలో ఏమీ లేదు, కిరీటం లేదు, రాజచిహ్నం ఒక్కటీ లేదు. జనం గోల పెట్టారు. రాణి లోపలి చొక్కాతో బొమ్మ వేయించుకుందన్నారు. ఆ గౌనుకున్న పేరు కూడా లోపలి చొక్కాకు వాడే మాటే. చిత్రాన్ని దించేయాల్సి వచ్చింది. దాని స్థానంలో అదే చిత్రకారిణి అదే భంగిమలో, అదే గులాబీతో ఇంకో బొమ్మ వేసింది. ఈసారి నీలిబూడిద రంగు పట్టు గౌను, ముత్యాలు. నా క్లాసులో మొదటి రోజు ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టేదాన్ని. మొహం అదే, చెయ్యి అదే, పువ్వు అదే. మారింది గుడ్డ ఒక్కటే. మొదటి దాంట్లో మంచి కుటుంబపు ఆడపిల్ల కనిపిస్తుంది. రెండో దాంట్లో ఫ్రాన్స్ రాణి కనిపిస్తుంది.

ఆడంబరాన్ని తిట్టిన జనమే నిరాడంబరంగా కనిపిస్తే ఎందుకు తిట్టారు? మాటల్లో పొంతన లేదని అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. రాచరికం నిలబడేదే రాజు, రాణి మనలాంటివాళ్ళు కారన్న నమ్మకం మీద. ఆ బరువైన పట్టు, ఆ చట్రం, ఆ జరీ అన్నీ ఆ తేడాను కంటికి చూపించేవి. వాటిని తీసేసిన రోజున, ఎదురుగా ఉన్నది 27 ఏళ్ళ ఒక ఆడమనిషి. ఆ బొమ్మ చూసి పారిస్‌లో డబ్బున్న ఆడవాళ్ళంతా అలాంటివే కుట్టించుకున్నారు. ఆ గౌనుకు రాణి పేరే పెట్టారు. సేవకురాలికీ దొరసానికీ రాణికీ వేషంలో తేడా చెరిగిపోతోందని పెద్దవాళ్ళు గొణిగారు.

గుడ్డకు సొంతంగా చిన్నతనం ఉండదని చెప్పడానికి ఇంకో బొమ్మ ఉంది. 1788 ఆగస్టులో మైసూరు టిప్పు సుల్తాన్ దూతలు వెర్సాయ్‌కి వచ్చారు. వాళ్ళు వేసుకున్నదీ మస్లినే. పారిస్ వాళ్ళను చూడటానికి ఎగబడింది. ఇదే విజే లె బ్రన్ వాళ్ళలో ముహమ్మద్ దర్వేష్ ఖాన్‌ను బంగారు పువ్వులున్న తెల్ల మస్లిన్‌లో, చేతిలో కత్తితో నిలబెట్టి చిత్రించింది. అందులో ఆయన నిండైన దొరతనంతో కనిపిస్తాడు. ఎందుకంటే ఆయన దర్బారులో మస్లిన్ అంటే గౌరవం. 13వ శతాబ్దంలో మార్కో పోలో మన మోటుపల్లి రేవు గురించి రాసినప్పుడు, అక్కడి సన్నబట్టలు సాలెగూడులా ఉంటాయని, వాటిని కట్టుకోవడానికి ఏ రాజైనా రాణి అయినా సంతోషిస్తారని రాశాడు. ఆ రాజ్యాన్ని ఏలిన రాణి అని ఆయన చెప్పింది రుద్రమ గురించే అంటారు. మన దగ్గర రాణికి తగిన బట్ట, వెర్సాయ్‌లో రాణిని రాణి కాకుండా చేసింది.

లియాన్ నేతగాళ్ళ సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. ఫ్రాన్స్ పట్టు నేతకు లియాన్ నగరం గుండెకాయ. దర్బారు కట్టుకునే పట్టే వాళ్ళకు ఆధారం, దర్బారు చూసి యూరప్ కొనేది. రాణి నూలు కట్టడం మొదలుపెట్టగానే ఆర్డర్లు అటు మళ్ళాయి. పైగా ఒక పుకారు పుట్టింది. ఆ సన్నటి నూలు, నార బట్టలు ఆస్ట్రియా ఏలుబడిలోని బ్రస్సెల్స్ వైపు నుంచి వస్తాయని, రాణి తన అన్న జోసెఫ్ చక్రవర్తి మగ్గాలను నిలబెట్టడానికి ఫ్రాన్స్ మగ్గాలను చంపుతోందని. ఆమె సుఖం కోసం వేసుకున్న గౌను కాస్తా విదేశీ కుట్రకు సాక్ష్యమైంది. 1786 ఆగస్టులో లియాన్ నేతగాళ్ళు ఒక్కో ఓన్ (గజం కంటే కాస్త ఎక్కువ) గుడ్డకు రెండు సూలు (చిల్లర నాణేలు) ఎక్కువ కూలి ఇవ్వాలని లేచారు. ముగ్గురిని ఉరితీశారు. ఆ కష్టానికి మస్లిన్ ఒక్కటే కారణం కాదు, వ్యాపారుల దోపిడీ అసలు కారణం. కానీ మగ్గం ఆగిపోయిన ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి చెబుతున్నా, అలాంటప్పుడు ఎవరు కళ్ళకు కనిపిస్తే వాళ్ళ మీదే కోపం పోతుంది.

ఫ్రాన్స్‌కు ఇలాంటి భయం కొత్తది కూడా కాదు. పట్టు, ఉన్ని నేతగాళ్ళను కాపాడటానికి 1686లోనే మన కోరమాండల్ తీరపు చీటీ గుడ్డల్ని, అంటే రంగుల అద్దకం నూలు బట్టల్ని నిషేధించారు. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. మచిలీపట్నం ఫ్రెంచి వాళ్ళ చేతిలోంచి ఇంగ్లీషు వాళ్ళకు పోయింది కూడా ఆ ఏడాదే. నిషేధం ఎత్తేశాక ఓబర్‌కాంఫ్ అనే అతను వెర్సాయ్ దగ్గర్లోని జుయీ గ్రామంలో అద్దకం కర్మాగారం పెట్టాడు. మా తాతల అచ్చుల పనిని చూసి నేర్చుకున్న పనే అది. నూలు బట్ట ఫ్రాన్స్ రాజకీయాల్లో వందేళ్ళుగా మంట పెడుతూనే ఉందని చెప్పడానికే ఇదంతా రాశాను.

తెల్లగౌను చేసిన అసలు చేటు 1784 ఆగస్టులో ఒక రాత్రి జరిగింది. బోమర్ అనే నగల వర్తకుడు, అతని భాగస్వామి కలిసి చేయించిన ఒక వజ్రాల హారం ఉంది. ధర 16 లక్షల లివ్రాలు. రాణి దాన్ని వద్దంది. జాన్ ద లా మోత్ అనే మోసగత్తె, రాణి ప్రాపకం కోసం తహతహలాడుతున్న కార్డినల్ (చర్చిలో పెద్ద పదవి) రోహాన్‌ను పట్టుకుంది. రాణి మీ ద్వారా రహస్యంగా హారం కొనాలనుకుంటోందని నమ్మించింది. నమ్మకం కోసం వెర్సాయ్ తోటలో చీకట్లో ఒక మనిషిని చూపించింది. నికోల్ అనే పారిస్ వేశ్య అది. ఆమెకు తొడిగింది ప్రదర్శనలో గోల చేసిన ఆ బొమ్మలోలాంటి తెల్ల మస్లిన్ గౌను. కార్డినల్ వంగి ఆ గౌను అంచును ముద్దు పెట్టుకున్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. పట్టు, చట్రం, జరీ, వెనక పరిచారికలు ఉన్న రాణి వేషం ఒక వేశ్యకు ఎవరైనా కట్టగలరా? గజాలకొద్దీ బట్ట, కట్టడానికే గంటలు, కుట్టేవాళ్ళే ఎందరో. నూలు గౌను కాబట్టి కుదిరింది. అందరూ కట్టుకోగలిగిన బట్ట రాణిది అయ్యాక, ఎవరైనా రాణి కాగలిగారు. 1785 ఆగస్టు 15న కార్డినల్‌ను అరెస్టు చేశారు. 1786 మే 31న పారిస్ న్యాయస్థానం అతన్ని నిర్దోషి అని వదిలేసింది. అంటే, రాణి అలాంటి గౌనులో రాత్రిపూట తోటలో ఒక మగవాడిని కలుస్తుందని నమ్మడం నేరం కాదని దేశపు పెద్ద న్యాయమూర్తులే ఒప్పుకున్నట్టు. హారంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. అయినా ఆ రోజుతో ఆమె పేరు లేచి నిలబడలేకపోయింది.

తర్వాత దిద్దుకోవాలని చూసింది. 1787లో మళ్ళీ విజే లె బ్రన్ చేతే బొమ్మ వేయించారు. ఎర్ర వెల్వెట్ గౌను, అంచులకు ఖరీదైన బొచ్చు, చుట్టూ పిల్లలు, ఒక ఖాళీ ఊయల. ఆ ఏడాదే చనిపోయిన చంటిబిడ్డ సోఫీది ఆ ఊయల. వెనక నగల బీరువా ఉంది, మెడలో మాత్రం హారం లేదు. పిల్లలే నా నగలు అని చెప్పించాలన్న ప్రయత్నం అది. కానీ చాలా ఆలస్యమైపోయింది. ప్రదర్శన మొదలైన రోజున బొమ్మ ఇంకా రాలేదు, ఖాళీ చట్రం మాత్రమే ఉంది. చూసినవాళ్ళు "అదిగో లోటు" అన్నారు. ఖజానా లోటుకు ఆమె పేరే పెట్టి 'మదాం లోటు' అని పిలుస్తున్న రోజులవి.

1789లో ప్రతినిధుల సభ పెట్టినప్పుడు ఎవరు ఏ బట్ట వేసుకోవాలో దర్బారు ఆజ్ఞ ఇచ్చింది. దొరలకు బంగారు అంచులు, తెల్ల ఈకల టోపీలు. మామూలు ప్రజల ప్రతినిధులకు సాదా నల్ల బట్టలు. అవమానించడానికి ఇచ్చిన ఆ నల్లబట్టనే వాళ్ళు గౌరవంగా మార్చుకున్నారు. ఆ తర్వాత విప్లవం వచ్చింది, టోపీకి గుచ్చుకునే రిబ్బన్ పువ్వు రంగు కూడా ప్రాణాల మీదికి తెచ్చే రోజులొచ్చాయి.

1791 జూన్‌లో రాజకుటుంబం పారిస్ నుంచి తప్పించుకోబోయింది. అంతకుముందు నెలల్లో రాణి తనకూ పిల్లలకూ కొత్త బట్టలు రహస్యంగా కొనిపించి ముందే పంపించింది. ఫ్రాన్స్ రాణికి గౌన్లూ చొక్కాలూ ఎక్కడైనా దొరుకుతాయి కదా అని కంపాన్ చెప్పినా వినలేదు. ఆ సన్నాహాలు చూసి బట్టల గదిలో పనిచేసే ఒకావిడ అనుమానపడి పైవాళ్ళకు చెప్పింది. దారిలో రాణిది పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మ వేషం, కొడుకుకు ఆడపిల్ల గౌను. వారెన్ ఊళ్ళో పట్టుబడ్డారు. ఇది చదివినప్పుడల్లా నాకు జాలేస్తుంది. రాణిగా కనిపించకుండా ఉండాలని ఆమె ఇన్నేళ్ళు కోరుకుంది. ఆ అవసరం ప్రాణం మీదికి వచ్చిన రోజున మాత్రం రాణి బట్టల్ని వదులుకోలేకపోయింది.

1793 జనవరి 21న రాజును గిలొటిన్ ఎక్కించారు. ఆమె అడిగి నల్ల సంతాప దుస్తులు తెప్పించుకుంది. చివరి జైల్లో ఆమెకు మిగిలినవి రెండు గౌన్లు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. అక్టోబర్ 16 పొద్దున, నలుపు వేసుకుంటే జనం జాలిపడతారేమోనని వద్దన్నారు. బట్ట మార్చుకోవడానికి ఆమె మంచం పక్క సందులోకి వెళ్ళింది. పనిపిల్ల రోజాలీ అడ్డం నిలబడింది. కాపలా సైనికుడు అయినా తొంగి చూశాడు. ఒకప్పుడు నలుగురు దొరసానులు చేతులు మార్చి అందించిన లోపలి చొక్కాను ఆ పొద్దున ఆమె తనంతట తాను తొడుక్కుంది. పైన తెల్లటి సాదా గౌను, తెల్లటి టోపీ వేసుకుంది. ఆమెకు 37 ఏళ్ళు.

వాళ్ళు నలుపును ఆపారు గానీ తెలుపును ఆపాలని ఎవరికీ తోచలేదు. భర్త చనిపోయిన ఫ్రాన్స్ రాణులు పూర్వం కట్టుకునే సంతాపపు రంగు తెలుపే.